చాకు గీత

చావు ముందు కూడా తెలివి చూపించుకునే మనుషులుంటారు. నేను వాళ్ళలో ఒకణ్ణి.

రంగూన్‌లో ఒక చీనా షావుకారు దగ్గర ఆరేళ్ళు జేడు రాళ్ళు సానబట్టాను. పచ్చగా ఉన్న ప్రతి రాయీ జేడు కాదు. జేడు చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతుంది, ఒక పట్టాన వేడెక్కదు. దారం కట్టి తడితే ఖంగుమంటుంది. ఈ రెండింటిలో మనిషి పొరపడొచ్చు గానీ ఉక్కు చాకు పొరపడదు. జేడు మీద చాకు జారిపోతుంది. గీత పడి తెల్లటి పొడి రాలిందంటే అది జేడును పోలిన మెత్తరాయి. ఈ విద్యలో నన్ను మించినవాడు లేడని మహా పొగరుగా ఉండేవాణ్ణి.

మా నాయన మారెప్ప రంగూన్ రేవులో మూటలు మోసేవాడు. ఒకే రాయి నుంచి కోసిన రెండు పచ్చ కడియాలు తెచ్చి ఒకటి అమ్మకు, ఒకటి చెల్లెలు చౌడేశ్వరికి తొడిగాడు. చెల్లెలికప్పుడు ఎనిమిదేళ్ళు. చెయ్యి పెరిగాక అది ఇక ఊడి రాలేదు. నాయన పోయిన పదో రోజున అమ్మ గాజులు పగలగొట్టి, కడియాన్ని సబ్బు రాసి ఊడదీశారు. అలా తీసినదాన్ని మళ్ళీ కంటబడనివ్వకూడదని అమ్మ గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టె అడుక్కి తోసింది. ఆ రెండింటినీ నేను ఎన్నడూ పరీక్షించలేదు. నాయన తెచ్చినదాన్ని చాకుతో గీకేంత తలపొగరు నాకు లేదు.

1964లో బర్మాలో మాకిక చోటు లేకపోయింది. ఓడ ఎక్కేముందు సోదా చేసినవాళ్ళు అమ్మ దాచుకున్న ముక్కుపుడక కూడా తీసుకున్నారు. కడియాలను మాత్రం ఒకసారి చూసి వదిలేశారు. మా అదృష్టమనుకున్నాను, రాళ్ళు తెలిసిన మొనగాణ్ణి!

నాయన పుట్టిన హిందూపురంలో కాపురం పెట్టాం. మరుసటి ఏడు చెల్లెల్ని ధర్మవరంలో మగ్గం నేసే జయరాముడికిచ్చి చేశాం. తర్వాతి ఎండాకాలంలో ఒకరోజు చౌడేశ్వరి ఒక్కతే వచ్చి, మొగుడు కొడుతున్నాడని వీపు చూపించి ఏడ్చింది. సర్దుకోమని చెప్పి నేనే మళ్ళీ రైలెక్కించాను. నెల తిరక్కముందే జయరాముడు మనిషిని పంపాడు, మూడు రోజులుగా ఆమె కనబడలేదని, మా ఇంటికొచ్చిందా అని. రాలేదు.

ఆ మర్నాడే, ధర్మవరం నుంచి మా ఊరికొచ్చే రైలు దారిలో, పెనుకొండ దగ్గర పట్టాల పక్కన ఎవరో ఆడమనిషి శవం దొరికిందని తెలిసి బండెక్కాను. అక్కడి ఆసుపత్రి వెనక రేకుల గదిలో దుప్పటి కప్పి పడుకోబెట్టారు. కాపలా కాస్తున్న కానిస్టేబుల్ గంగాధరప్ప నా పేరూ ఊరూ రాసుకున్నాడు.

"మొగం చూసేట్టు లేదు కుళ్ళాయప్పా. చేతికి ఈ పచ్చ కడియం ఉండాది. గుర్తు పడతావేమో చూడు," అన్నాడు.

అదే రంగు, అదే సైజు. చటుక్కున జేబులోని చాకు గుర్తొచ్చింది. ఆ చేతిని తాకకుండా కడియాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని గీశాను. గీత పడింది. తెల్లటి పొడి రాలింది.

నవ్వాను. శవం పక్కన నిలబడి నవ్వాను.

"ఇది జేడు కాదు సార్. ఉత్త మెత్తరాయి. మా నాయన తెచ్చింది అసలుది. ఈమె మా చెల్లెలు కాదు."

"కాళ్ళన్నా చూడప్పా. కాళ్ళు బాగుండాయి."

"అక్కర్లేదు సార్. రాయి చాలు."

చౌడేశ్వరి ఎడమ కాలి చిటికెన వేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉంటుంది. దుప్పటి ఒక్క జానెడు ఎత్తితే తెలిసిపోయేది. ఎత్తనివ్వలేదు. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. మా మనిషి కాదని రాసిన కాగితం మీద సంతకం పెట్టాను. ఎండలకు నిలవదు, పొద్దు కుంకేలోగా అనాథ శవాల కింద పూడ్చేస్తామన్నాడు గంగాధరప్ప. సరేనన్నాను.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. అమ్మ గడపలోనే కూర్చుని ఉంది.

"మన చౌడి కాదమ్మా! ఆ చేతికుండేది దొంగరాయి. చాకుతో గీకితే పొడి రాలింది," అన్నాను.

అమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంటుందనుకున్నాను. పెట్టలేదు. లోపలికి పోయి ట్రంకుపెట్టె తెరిచి, గుడ్డ మూట విప్పి, తన కడియం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"దీన్ని గీకు."

"నాయన తెచ్చినదాన్నా?"

"గీకురా!"

గీకాను. అదే గీత, అదే పొడి.

"మీ నాయనకు తెలుసు," అంది అమ్మ. "అసలుది కొనే తాహతు ఆయనకు యాడుండాది? నువ్వు రాళ్ళ పనిలో చేరినాక, పిల్లోనికి తెలిస్తే నన్ను చులకనగా చూస్తాడేమోనని సిగ్గుపడినాడు. చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్యాడు. నేను చెప్పలేదు."

బయట చీకటి పడుతోంది. పెనుకొండలో ఈపాటికి మట్టి కప్పేసి ఉంటారు. చెల్లెలు మా ఇంటికే వస్తూ ఉండిందేమో, ఆ పట్టాల వెంబడి.

అమ్మ నా చేతిలోని చాకు తీసి పక్కన పెట్టింది.

"కుళ్ళాయీ, పాప కాళ్ళు చూస్తివా?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాను. "రాయి చూసినా."