చేదని చెప్పిన నాలుక

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి పొండి. కూర్చున్నాక మధ్యలో పెదవి విరిచినారంటే ఊరుకోను. పులివెందుల సంతలో పొగరుబట్టిన కోడె కొమ్ములు వంచిన చేతులివి. ఇంకా అరగలేదు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన కొత్తలో, ప్రొద్దుటూరు నుంచి ఆదివారం ఆదివారం ఒక బస్సు బయలుదేరేది. పెళ్ళీ లేదు, తిరునాళ్ళూ లేదు, ఉత్తగా తిని రావడానికి. బస్సు నూరుల్లాది. యుద్ధం ముగిసినాక పటాలంతో జపాను పోయి ఏడాది ఉండి వచ్చినాడు. అక్కడొక ముసలాయన చెప్పినాడంట, మంచిరోజుల్లో పట్నంవాళ్ళు పొద్దున్నే రైలెక్కి ఒక వారం ఫలానా ఊరి చేపకూ, ఇంకో వారం ఫలానా కొండపల్లె సేమ్యాకూ పోయి, కడుపారా తిని పొద్దుగూకేసరికి ఇల్లు చేరేవాళ్ళని. ఆ మాటకు ప్రొద్దుటూరంతా నవ్వింది. నేనొక్కణ్ణే నవ్వలేదు. బస్సు పెట్టప్పా, మొదటి సీటు నాదని చెప్పినాను. ఆ సర్వీసు నడిచింది నా మాట మీదనే.

జమ్మలమడుగులో బస్సు నిండేది. పెన్న దాటేటప్పుడు ఇసకలో కూరుకుపోయేది. ఒక పక్క నలభైమంది తోస్తే, ఇంకో పక్క నేనొక్కణ్ణే తోసేవాణ్ణి. ముద్దనూరు మీదుగా తొండూరు చేరేసరికి ప్రమీలమ్మ ఇంటి ముందర పందిరి కింద విస్తర్లు పరిచి ఉండేవి. రాగిసంగటి, నాటుకోడి పులుసు, వేయించిన చెనక్కాయలు ఎండుమిరపతో రోట్లో దంచిన ఊరిబిండి. ఒక్క పూటలో పద్దెనిమిది ముద్దలు తిన్నాను. పంతొమ్మిదోది మర్యాద కోసం వదిలినాను.

అయితే ఆ విస్తరికొక పద్ధతి ఉండేది. తిండి గురించి నాలుక ఎప్పుడైనా అబద్ధం ఆడి ఉంటే, ప్రమీలమ్మ ముద్ద తిన్నాక ఆ అబద్ధమే ఆ నాలుకకు నిజమయ్యేది. గుమాస్తా గణపతి, భార్య రాజ్యలక్ష్మి మీద కోపంతో, బాగున్న చారును ఉప్పు లేదని నెట్టేసినాడు. తొండూరు పోయి వచ్చినాక మూడు నెలలు అతని నోటికి ఉప్పు తగలనే లేదు. ముద్ద నోట్లో పడకముందు ఎవరి ముందర ఒప్పుకున్నా చాలు. పడినాక మాత్రం, ఎవరి తిండిని కించపరిచినామో వాళ్ళ ఎదుటనే ఒప్పుకోవాల. అందుకని ఆదివారం తెల్లారితే ప్రొద్దుటూరు వీధుల్లో మగవాళ్ళు వంటింటి గడపల ముందర తలొంచుకొని నిలబడేవాళ్ళు. బస్సుకు టిక్కెట్టు ఎట్లనో, ఇదీ అట్లనే. ఎవరూ వింతగా చూడలేదు.

ఇంతమందికి ప్రమీలమ్మ వండిపెట్టింది ఒకే ఒక్క మనిషి కోసం. అతని పేరు ఓబులేసు. ప్రొద్దుటూరులో ఒక నూనెమిల్లులో రుచి చూసేవాడు. చెనక్కాయల బండ్లు వచ్చినప్పుడు ప్రతి కుప్పలోనూ ఒక గింజ తీసి కొరికేవాడు. తీపంటే తీపి, చేదంటే చేదు. అతను చేదన్న గింజను ఊళ్ళో ఇంకో మిల్లు ముట్టేది కాదు.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడు ప్రమీలమ్మ మొగుడు ఆదినారాయణ మూడు బండ్ల చెనక్కాయలు తోలుకొచ్చినాడు. రాత్రంతా బండి తోలి నడుము పట్టేసి, ఓబులేసు వచ్చినప్పుడు లేచి నిలబడలేకపోయినాడు. అంతే అతని తప్పు. ఓబులేసు ఒక గింజ కొరికి, కళ్ళు మూసుకొని, చేదు అన్నాడు.

మూడు బండ్లూ తొండూరికి తిరిగొచ్చినాయి. ముసురుకు కాయంతా ముక్కిపోయింది. ఆదినారాయణ అరుగు మీద కూర్చొని దోవన పోయే ప్రతివాడి చేతిలోనూ ఒక గింజ పెట్టి, చేదుగా ఉందా అప్పా అని అడిగేవాడు. తియ్యగుందని ఊరంతా చెప్పినా అతనికి ఎక్కలేదు. అడుగుతా అడుగుతానే ఉగాదికి ముందర పోయినాడు. ప్రమీలమ్మ ఏడవలేదు. ముక్కిపోని గింజలు ఒక పడికి ఏరి దాచింది. ఏడాదికేడాది వాటినే విత్తింది, వాటితోనే ఊరిబిండి దంచింది.

ఆ ఊరిబిండిలో ఒక గిన్నెడు వారం వారం కండక్టరు రహీం చేతికిచ్చి మిల్లు షావుకారు ఇంటికి పంపేది. మూడేండ్లు పంపింది. మూడో ఏడు షావుకారు తనే బస్సెక్కినాడు. జిల్లాలో ఇంత మంచి నాలుక ఇంకోటి లేదని చెప్పుకోవడానికి ఓబులేసును ఉన్నపళంగా లాక్కొచ్చి, పక్కన కూర్చోబెట్టుకొని వచ్చినాడు.

నేను ఎదురు వరసలో ఉన్నాను. ఓబులేసు ముఖం సున్నం కొట్టిన గోడ మాదిరి ఉంది. తినకుండా లేస్తే షావుకారుకు తెలిసిపోతుంది. ఒప్పుకుంటే కొలువు పోతుంది. ప్రమీలమ్మ సంగటి ముద్ద పెట్టి, నడుమ గుంట చేసి, అందులో ఊరిబిండి వేసింది.

"ఓబులేసప్పా, ఆ పొద్దు మా ఆయన చెనక్కాయలు తీపా, చేదా? ముద్ద ముట్టేముందు చెప్పు."

షావుకారు తలెత్తి చూసినాడు.

"చేదేలేమ్మా," అన్నాడు ఓబులేసు. "నా నాలుక యాడా తప్పు చెప్పదు."

"అట్లయితే తిను. శానా దూరం నుంచి వచ్చినావు."

తిన్నాడు. మొదటి ముద్దకే కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. విస్తరి వదిలితే బయటపడతాడు కాబట్టి కడదాకా మింగినాడు. ఆమె ఇంకోటి పెట్టింది, ఇంకోటి పెట్టింది, నాలుగోది తన చేత్తో నున్నగా ఉండచేసి మరీ పెట్టింది. అంత ప్రేమగా వడ్డించిన మనిషిని నా జన్మలో చూడలేదు.

సోమవారం మిల్లుకు వచ్చిన ప్రతి కుప్పా ఓబులేసుకు చేదే. మంగళవారమూ అంతే. బుధవారం రైతులు తిరగబడితే షావుకారు తనే ఒక గింజ కొరికి చూసినాడు. తియ్యగా ఉంది. సాయంత్రానికి ఓబులేసు కొలువు ఊడింది. ఇంట్లో బెల్లమూ చేదే, మజ్జిగా చేదే, మంచినీళ్ళూ చేదే.

నాలుగో ఆదివారం మళ్ళీ బస్సెక్కి వచ్చి, పందిరి కింద అందరి ముందరా చేతులు కట్టుకొని నిలబడినాడు. "తియ్యగుండె తల్లీ. ఆ పొద్దు తియ్యగానే ఉండె."

ప్రమీలమ్మ రోలు కడుగుతా ఉంది. తల ఎత్తలేదు. "నాకేందప్పా చెప్తావు? చెప్పాల్సినోడు చేన్లో పండుకోనుండాడు. పోయి ఆయనకు చెప్పు."

పోయినాడు. ఆ మట్టిదిబ్బ ముందర ఎండలో మధ్యాహ్నమంతా నిలబడి చెప్పినాడు. తిరిగొచ్చి ఒక గింజ నోట్లో వేసుకొని, ఉమ్మేసినాడు. ప్రమీలమ్మ రోకలి అతని ముందర పెట్టింది.

ఆ తర్వాత తొమ్మిదేండ్లు తొండూరులో ఊరిబిండి దంచింది ఓబులేసే. దంచినాక విస్తరి విస్తరికీ వచ్చి వంగి, తియ్యగుందా అప్పా అని అడిగేవాడు. మేమంతా తియ్యగుందనే చెప్పేవాళ్ళం. అతనికి ఎక్కేది కాదు. ఆమెనూ అడిగేవాడు. ఆమె ఒక్కసారీ జవాబు చెప్పలేదు.

ఏంది, ఆ నవ్వు? జమ్మలమడుగు బస్టాండు ఎనకాల మూడో ఇల్లు. మూడేండ్లు ఆ గిన్నె మోసినోడు. పోయి అడగండి. పేరు రహీం.