తప్పు కల్లు తాగినంక

కురుమల కులపెద్ద గురవయ్యకు జీవితంలో ఇంత దాహం ఎన్నడూ వేయలేదు. నల్లగొండ కోర్టు వరండాలో కుండ నిండా నీళ్లున్నాయి, పక్కనే లోటా ఉంది. లేచి ముంచుకునేలోగా పిలుపు వస్తుందేమోనని కూర్చున్నచోటే ఉన్నాడు. కాసేపట్లో బంట్రోతు తన పేరు పిలుస్తాడు. బోనెక్కి తాను చెప్పబోయే ఒక్క మాట మీద బీరన్న, మైసయ్యల బతుకు ఆగి ఉంది. ఔనన్నాడా, ఇద్దరూ జైలుకే. పదేళ్ల దాకా పడొచ్చని వాళ్ల వకీలు ముందే చెప్పాడు.

ఇంతదాకా తెచ్చింది ఎవరయ్యా అంటే తానే. బీరన్న, మైసయ్య ముప్పై దాటిన మగవాళ్లు, పానగల్లు పక్క ఊళ్లో ఒకే మంద కాసేవాళ్లు. పెళ్లి మాటెత్తితే ఇద్దరూ తలొంచుకునేవారు. మొగుడూ పెళ్లాల్లా ఉంటున్నారని గుసగుస లేచింది. కులం పరువు బజారున పడుతుందని గురవయ్య పంచాయితీ పెట్టి, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టాడు.

"ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోండ్రి. తప్పు కల్లు పోయండ్రి. తాగినంక గీ ముచ్చట ఎవడెత్తినా వాడే మల్ల తప్పు కట్టాలె. నాది మాట" అన్నాడు.

తాతల నాటి పద్ధతి అది. తప్పు చేసినవాడు ఒప్పుకుని కల్లు పోస్తాడు, కులమంతా తాగుతుంది, ఆ మాట అక్కడితో పాతిపెట్టినట్టే. పెద్దయ్య మాట నమ్మి ఇద్దరూ ఒప్పుకున్నారు. మైసయ్యైతే ఇష్టపడే ఉంటున్నామని కూడా అన్నాడు. గురవయ్యకు ఒళ్లు మండింది, ఛీ అనిపించింది. అయినా మాట మాటే కదా, అందరికంటే ముందు తానే తాగాడు.

కులం మరిచింది గానీ ఊరి పోలీసు పటేలు మరవలేదు. పండగకు పైసా తీసుకోకుండా గొర్రెపోతు తోలలేదని బీరన్న మీద వాడికి ఎప్పటి నుంచో కడుపుమంట. కల్లు ఎందుకు పోశారో కూపీ లాగి ఠాణాకు ఉప్పందించాడు. సర్కారు చట్టంలో దీనికొక దఫా ఉందట, మూడు వందల డెబ్బై ఏడు. ఇద్దరినీ పట్టుకుపోయారు. కళ్లారా చూసినవాడు ఒక్కడూ లేడు. ఒకే గొంగడి కింద పడుకోవడం నేరమైతే కురుమలందరినీ జైల్లో వేయాలి. ఇక మిగిలింది పంచాయితీలో వాళ్లు ఒప్పుకున్న మాట. కులపెద్ద విని చెబితే ఆ మాట కోర్టులో చెల్లుతుందట! సమను చేతికొచ్చిన నాడే గురవయ్య వాళ్ల వకీలు దగ్గరికి పోయాడు.

తప్పు కల్లు తాగాను కాబట్టి చెప్పనంటే సరిపోదా అని వకీలును అడిగాడు. అట్లా అంటే తప్పు జరిగిందని చెప్పినట్టే అవుతుందని వకీలు అన్నాడు. అబద్ధం చెప్పమని మాత్రం అనలేదు. అడకత్తెరలో పోకచెక్క అయింది పెద్దాయన బతుకు. ముందు చట్టాన్నే నిలదీస్తానని, అది నిలవకపోతే సాక్ష్యం దాకా రాదని వకీలు చెప్పిన మాటే ఇప్పుడు ఆశ.

కిటికీలోంచి ఆ వాదన వినబడుతోంది. ఇద్దరూ వయసొచ్చినవాళ్లు, బలవంతం లేదు, ఎవరికీ నష్టం లేదు అంటున్నాడు వకీలు. ఈ చట్టం తెల్లదొరలు రాసిపెట్టి పోయింది. నిరుడు, యాభై ఏడులో, ఆ దొరల దేశంలోనే ఒక కమిటీ కూర్చుని, ఇట్లాంటి ఇద్దరి ఇష్టం నేరం కాకూడదని రాసింది. మన రాజ్యాంగం మనిషికి స్వేచ్ఛ ఇచ్చింది, ఆ స్వేచ్ఛ వీళ్లకెందుకు లేదు? గురవయ్య కిటికీ వైపు చెవి పెట్టి విన్నాడు. ఇంతమాట అనొచ్చా అనిపించింది. ఆ మాట నెగ్గితే బాగుండునని కూడా అనిపించింది.

మేజిస్ట్రేటు ఓపికగానే విన్నాడు. ఇష్టం ఉందా లేదా అని మూడు వందల డెబ్బై ఏడో దఫా అడగదనీ, చట్టం మంచిచెడ్డలు తేల్చడం తన పని కాదనీ చెప్పి, సాక్షిని పిలవమన్నాడు.

గురవయ్య ప్రమాణం చేశాడు. ఎదురుగా బీరన్న నేల చూస్తున్నాడు. మైసయ్య కళ్లు మాత్రం తన ముఖం మీదే ఉన్నాయి.

పంచాయితీ కూర్చున్నది నిజమేనా అని సర్కారు వకీలు అడిగాడు. నిజమేనన్నాడు. తప్పు కట్టించావా అంటే కట్టించానన్నాడు. కల్లు పోసిన సంగతి ఊరంతటికీ తెలుసు, కాదని ఎట్లా అంటాడు?

"దేనికి కట్టించినవ్?"

గురవయ్య ఒకసారి మైసయ్య వైపు చూశాడు. "వాళ్ల గొర్లు చేన్ల వడి మేసినయి సారు."

"ఎవరి చేను?"

ఎవరి పేరు చెబితే రేపు వాణ్ణి పిలుస్తారు.

"నాదే" అన్నాడు.

నీ చేను మేస్తే కులమంతా కల్లు తాగిందా అని సర్కారు వకీలు గద్దించాడు. "నేనొక్కణ్ణే తాగితే కులం ఊకుంటదా సారు?" అన్నాడు గురవయ్య. కోర్టులో నవ్వులు లేచాయి. సాక్ష్యానికి వచ్చి వరండాలో చెవులు రిక్కించి విన్న మిగతా కురుమలు కూడా బోనెక్కి పెద్దయ్య చేనే అన్నారు. రుజువు లేదని కేసు కొట్టేశారు.

బయట బీరన్న వచ్చి కాళ్ల మీద పడ్డాడు. లేచి వకీలును మెల్లగా అడిగాడు, మళ్లీ ఒక్క మంద దగ్గరే ఉండొచ్చా అని. వకీలు తల అడ్డంగా ఊపాడు. పోయింది కేసే, చట్టం అట్లాగే ఉంది, ఈసారి పటేలు కళ్లారా చూసిన సాక్షిని వెంటబెట్టుకుని వస్తాడు అన్నాడు.

"అంటే మాది తప్పు కాదని ఇడిసిపెట్టలే" అన్నాడు మైసయ్య. "దొరకలేదని ఇడిసిపెట్టిండ్రు."

ఇక ఎవడూ ఎత్తడు, నాది మాట అందామనుకున్నాడు గురవయ్య. కులం చేత మరిపించగలడు గానీ సర్కారు చేత మరిపించే కల్లు ఎక్కడ దొరుకుతుంది? ఆయనకు మళ్లీ ఒళ్లు మండింది, ఈసారి వాళ్ల మీద కాదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఆయన ఇంటి ముందుకు మందను తోలుకొచ్చారు. మైసయ్య దేవరకొండ దిక్కు పోతానన్నాడు.

"పంచియ్యి పెద్దయ్యా" అన్నాడు బీరన్న.

వేరుపడే అన్నదమ్ములకు మంద పంచడం కులపెద్ద పని. గురవయ్య ఎన్నో మందలు పంచాడు, ఎన్నడూ కన్ను తడి కాలేదు. ఆ పొద్దు సగం పంచేసరికి ఆయనకు గొర్రెలు కనబడడం మానేశాయి. మిగతా సగం వాళ్లే పంచుకున్నారు.