టీచరుగారి స్వారీ పెట్టె

పెట్టె మీద మనిషి కూర్చుని రయ్యిమని పోవడం మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి మోకాళ్ళు చెవుల దాకా మడుచుకుని, పెట్టెకున్న చిన్న హ్యాండిల్ పట్టుకుని, జనంలోంచి మెలికలు తిరుగుతూ వచ్చి నేను తోస్తున్న చక్రాల కుర్చీకి అడ్డం పడ్డాడు. సారీ కూడా చెప్పలేదు. బట్టలు పెట్టుకునే పెట్టెకి మోటారేమిటి, బ్యాటరీ ఏమిటి, ఇదేం చోద్యం అని ఆ రోజంతా కనిపించిన ప్రతివాడి దగ్గరా గొణిగాను.

నేను విమానాశ్రయంలో చక్రాల కుర్చీ తోస్తాను. నడవలేని ప్రయాణికుల్ని గుమ్మం దగ్గర ఎక్కించుకుని విమానం తలుపు దాకా దిగబెట్టడం నా పని. పందొమ్మిదేళ్ళయింది. నా కుర్చీ ఎక్కినవాళ్ళలో విమానం తప్పినవాళ్ళు ఇప్పటికి ఒక్కరూ లేరు. మా సూపర్‌వైజరు కొత్తగా చేరినవాళ్ళకి నన్ను చూపించి ఆ మాటే చెబుతాడు. నేను పైకి మొహమాటపడతాను గాని, లోపల పొంగిపోతాను.

ప్రతి నెలా మొదటి మంగళవారం ఉదయం తొమ్మిదింటికి లెక్కల టీచరుగారు వచ్చేవారు. రిటైరయ్యాక, వేరే ఊళ్ళోని ఒక అచ్చాఫీసు వేసే లెక్కల పుస్తకాల్లో తప్పులు దిద్దే పని ఒప్పుకున్నారు. దిద్దిన కాగితాలు అక్కడ ఇచ్చి కొత్తవి తెచ్చుకునేవారు. అచ్చాఫీసువాళ్ళు వెళ్ళడానికే విమానం టికెట్టు ఇచ్చేవారు, రావడం మాత్రం రైల్లోనే. మోకాలు నొప్పని మొదటిసారి కుర్చీ అడిగారు. అప్పట్నుంచి ఆరేళ్ళుగా ఎప్పుడొచ్చినా నన్నే పిలిపించుకునేవారు.

గుమ్మం దగ్గర్నుంచి ఆవిడ విమానం దాకా మామూలుగా తోస్తే పన్నెండు నిమిషాలు. నేను ఇరవై రెండు చేసేవాణ్ణి. ఒక లిఫ్టు చెడిపోయిందని, ఒక దారిలో నేల తుడుస్తున్నారని వంకలు చెప్పి చుట్టూ తిప్పేవాణ్ణి. అంత లెక్కల మనిషి అయ్యుండి నిమిషాలు లెక్కపెట్టుకోవడం లేదేమిటా అని నవ్వుకునేవాణ్ణి. తమ్ముడి మేడమీద వాటాలో ఒక్కరే ఉండటం గురించి, కింద మరదలు రేడియో గట్టిగా పెట్టడం గురించి, ఏదో పుస్తకంలో తొట్టి నిండే లెక్కకి జవాబు తప్పు పడటం గురించి ఆవిడ చెప్పేవారు. మా ఆవిడ పోయాక నేను వంట నేర్చుకుని అమ్మాయిని ఎలా హడలగొట్టానో నేను చెప్పేవాణ్ణి. నవ్వితే ఆవిడ భుజాలు కదిలేవి. ముఖం కనిపించేది కాదు. కుర్చీ తోసేవాడికి కనిపించేది జుట్టుముడి, మెడ, చెవిదిద్దుల వెనక శీలలు, అంతే.

"నాన్నా, మొదటి మంగళవారం వస్తే చాలు, అంత నున్నగా గడ్డం గీస్తావెందుకు?" అని అడిగింది మా అమ్మాయి ఒకసారి.

"పనికి వెళ్ళాలి కదమ్మా."

"మిగతా రోజులు నీకు సెలవా?"

దానికి అచ్చం వాళ్ళమ్మ నోరే. నేను సబ్బు కడుక్కునే వంకతో మాట తప్పించాను. కానీ నిజం నిజమే. నెలలో ఇరవై తొమ్మిది రోజులు ఆ ఒక్క పూట కోసం ఎదురుచూసేవాణ్ణి. ఈ వయసులో ఇదేం పిచ్చి అని తిట్టుకుంటూనే చూసేవాణ్ణి.

పోయిన నెల విమానం తలుపు దగ్గర కుర్చీ దిగబోతూ ఆవిడ అన్నారు: "ఇంకొక్కసారేనండీ. ఆ తర్వాత కాగితాలు కంప్యూటర్లోనే పంపిస్తారట."

సరేనండీ అన్నాను. ఆ నెలంతా ఒక్క మాట వల్లించాను. బస్సులో, స్నానాల గదిలో, ఖాళీ కుర్చీ తోస్తూ కూడా. 'టీచరుగారూ, విమానం లేకపోయినా మంగళవారాలు మనం ఎక్కడైనా కలుసుకుందామా?' ఇంతే మాట. భద్రతా తనిఖీ దాటాక పొడుగాటి అద్దాల దారి ఒకటి ఉంది. అక్కడ జనం పల్చగా ఉంటారు. అక్కడ అడగాలని నిర్ణయించుకున్నాను.

ఆ మంగళవారం గుమ్మం దగ్గర కుర్చీ తుడిచి నిలబెట్టుకుని ఉన్నాను. నారింజరంగు పెట్టె మీద కూర్చుని టీచరుగారు వచ్చేస్తున్నారు.

"తప్పుకోండి, తప్పుకోండి! నాకింకా బ్రేకు చేతికి రాలేదు!"

కుర్చీని పక్కకి లాగేశాను. పెట్టె నా బూట్ల ముందు ఆగింది.

"ఇదేంటి టీచరుగారూ?"

"అచ్చాఫీసువాళ్ళు బహుమతి పంపారు. ఇక ఇంట్లో కూర్చోమ్మా అని చెప్పి, తిరగడానికి బండి ఇచ్చారు. వాళ్ళ తెలివి చూశారా?"

"మరి కుర్చీ?"

"వద్దని చెప్పేశాను. ఆరేళ్ళుగా మీ మాటలు వెనకనుంచే వింటున్నాను. ఇవాళైనా మీరు పక్కన నడుస్తుంటే, ముఖం చూస్తూ మాట్లాడదామని."

సంతోషంతో ఖాళీ కుర్చీని గోడవారకి నెట్టేశాను. ఆ వెంటనే అసలు సంగతి గుర్తొచ్చింది. కుర్చీలో మనిషి ఉంటేనే మమ్మల్ని తనిఖీ దాటనిస్తారు. ఆ సంగతి ఆవిడకి తెలియదు.

చెప్పలేదు. పక్కన నడిచాను. హాస్యం ఆడబోయే ముందు ఆవిడ ఎడమ కనుబొమ్మ లేస్తుందని ఇన్నేళ్ళకి తెలిసింది. ఎంత నెమ్మదిగా నడిపినా ఆ పాడు పెట్టె నాకంటే ముందే పోతోంది. నేను రొప్పుతున్నాను.

"టీచరుగారూ."

"చెప్పండి."

"మనం... స్తంభం! స్తంభం చూసుకోండి!"

స్తంభం తప్పింది గాని, మాట గొంతులోనే ఉండిపోయింది. చూస్తూండగానే తనిఖీ గీత వచ్చేసింది. నాలుగు నిమిషాలు పట్టిందేమో.

"నేను ఇక్కడిదాకానేనండీ," అన్నాను. సంగతి చెప్పాను.

ఆవిడ ముఖం వాడిపోయింది. "అయ్యో. నాకు తెలియదే. ఇప్పుడు కుర్చీ అడిగితే?"

"ముందురోజే రాయించుకోవాలి."

ఆవిడ పెట్టె మీదనుంచి దిగారు. దేన్నీ పట్టుకోకుండా, తేలిగ్గా దిగి నిటారుగా నిలబడ్డారు. నేను నోరు తెరుచుకుని చూశాను.

"మీ మోకాలు?"

"అది మూడో నెలకే తగ్గిపోయింది," అన్నారు ఎటో చూస్తూ.

అంతలో తనిఖీ దగ్గరుండే గార్డమ్మ వచ్చింది. "మేడం, బ్యాటరీ తీసి చేతిసంచీలో వేసుకోండి. అది తీయకపోతే పెట్టెను లోపలికి రానివ్వం."

టీచరుగారు వంగి, బ్యాటరీ మూత తెరిచి, లోపల చెయ్యి పెట్టారు. కాసేపు అలాగే ఉండి లేచారు.

"రావట్లేదండీ."

"అయితే పెట్టె వదిలేసి వెళ్తారా?"

"ఎలా వెళ్తాను? కాగితాలన్నీ ఇందులోనే ఉన్నాయి."

"మీ విమానానికి తలుపులు మూసేస్తారు మేడం, ఇంకో పావుగంటే ఉంది."

పావుగంట అన్న మాట చెవిన పడేసరికి నాకు ఇంకేమీ గుర్తులేదు. పందొమ్మిదేళ్ళ అలవాటు. మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఈ పెట్టెల మీద ఎంత చిరాకున్నా ఇప్పటికి ఎంతోమందికి బ్యాటరీ ఊడదీసి ఇచ్చాను. పెట్టెను పక్కకి పడుకోబెట్టి, కొక్కెం నొక్కిపెట్టి, అడుగున అరచేత్తో ఒక్కటిచ్చాను. బ్యాటరీ వచ్చేసింది.

"ఇదిగోండి!" అని రెండు చేతులా అందించాను. ముఖమంతా నవ్వే నాకు. గార్డమ్మ కూడా భలే అంది.

టీచరుగారు వెంటనే అందుకోలేదు. నా ముఖం వంక చూశారు. తర్వాత నాకొక్కడికే వినపడేంత మెల్లగా అన్నారు.

"బ్యాటరీని నేనసలు లాగనే లేదండీ."

నాకు అర్థమయ్యేసరికి ఆవిడ బ్యాటరీని సంచీలో వేసుకున్నారు. "మేడం, కదలండి," అంది గార్డమ్మ. వెనక వరుసలో జనం తోసుకొస్తున్నారు. నేను నేలమీదే కూర్చుని ఉన్నాను. లేచి గీత దాకా వెళ్ళేసరికి ఆవిడ అవతల పెట్టెను లాక్కుంటూ అద్దాల దారిలో వెళ్తున్నారు. వెనక్కి చూడలేదు. నడక చక్కగా ఉంది. ఆరేళ్ళలో ఆవిడ అలా నడవడం నేను చూసింది అదే మొదటిసారి.