ఊరంతా ఏకగ్రీవమట

శంకరవ్వ తునికాకును కత్తెరతో కోస్తోంది. ఆమె అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. డప్పు వచ్చి వాకిట్లో ఆగింది.

"ఇనుండ్రి! సర్పంచ్ కుర్చీ వేలంపాటల గోపాల్‌రావు దొరకు పోయింది. పైసలు గుడికి ముట్టినయి. ఊరంతా ఏకగ్రీవం! ఎదురు నామినేషన్ ఏసినోళ్లతోని ఎవలు మాట్లాడినా జుర్మానా!"

గ్రామాభివృద్ధి కమిటీ మాటే ఆ ఊళ్లో చట్టం. అయినా పక్కింటి రేవతి, కరీంనగర్‌లో పీజీ చదివే పిల్ల, ఆ సాయంత్రమే కమిటీ భవనం ముందు నిలబడింది. ఆమె వెనక చదువుకునే పిల్లలు కొందరున్నారు. ఊరు మూగింది.

"సారూ, పోయినసారి కుర్చీ మీరే కొన్నరు. వాగుల ఇసుకంతా లారీలెక్కింది. బోర్లు ఎండినయి. ఒక్క గ్రామసభన్న పెట్టిండ్రా?"

గోపాల్‌రావు నవ్వాడు. "కొనుక్కున్న కుర్చీ బిడ్డా. ఎవలకు జవాబు చెప్పాలె?"

"గుడి కట్టొద్దంటవా?" గుంపులోంచి ఎవరో అరిచారు.

"గుడికి చందా మేమూ ఇస్తం. మా ఓటు అమ్మనీకి మీరెవలు? నామినేషన్ నేనేస్త."

మరునాటి నుంచి రేవతి ఇంటికి కిరాణంవాడు ఉప్పు కూడా ఇవ్వలేదు. ఆమె తల్లి ఎల్లక్క బీడీల చాటతో అరుగు దగ్గరికి వస్తే శంకరవ్వే జరిగి కూర్చుని ఖాళీ లేకుండా చేసింది. ఏళ్లుగా పక్కన కూర్చున్న మనిషి మొహంలోకి చూడలేకపోయింది.

నామినేషన్లకు ఆఖరి రోజు వచ్చింది. రేవతి పేరు ప్రతిపాదిస్తూ ఊరి ఓటరు ఒకరు సంతకం పెట్టాలి. పెడతానన్న విజయేందర్‌ను, ఆ సాయంత్రం ఆమె వెనక నిలబడ్డ పిల్లల్లో ఒకణ్ని, వాళ్ల బాపు పొద్దున్నే భైంసా బస్సెక్కించాడు. గోడ అవతల ఎల్లక్క ఏడుస్తోంది.

"నేను పెట్ట బిడ్డా. మక్కజొన్న కోసే మిషన్ మన చేన్లకు రానియ్యరట. నీ కాళ్లు మొక్కుత, ఇడిసిపెట్టు."

"ఇడిసిపెడితే మళ్ల ఐదేండ్లు నోరుండదే అవ్వా."

అరుగు మీద గుసగుసలు మొదలయ్యాయి.

"పొల్లగాండ్లకేమెరుక? కమిటీ ఉంటెనే ఊరు బాగుంటది."

"ఏం బాగు? బిందె వట్టుకొని యాడిదాంక పోతున్నవే నువ్వు?" అంది దీపిక, వాళ్లలో చిన్నది.

"మెల్లగ! జుర్మానా నీ మొగడు కడ్తడా?"

"వానికి బీడీకే పైసలుండయి!"

అందరూ నవ్వారు. శంకరవ్వ నవ్వలేదు.

కమిటీలో తిరిగే ఆమె కొడుకు రాజేశం బయటికొచ్చాడు. "అవ్వా, గోడ దిక్కు చెవి పెట్టకు. దొర బీడీల కార్ఖానకు ఫోన్ చేసిండు. ఆ పిల్లకు వంత పాడినోళ్లకు ఆకు బంద్."

"మా నోరు గూడ వేలమేసిండ్రార?"

"నోరెందుకే నీకు? బువ్వ గావాలె గని."

అప్పుడే రేవతి కాగితాలతో వీధిలోకి వచ్చింది. అరుగు ముందు ఆగింది. "ఎవలన్న వస్తరా?" ఎవరూ తల ఎత్తలేదు. ఆమె మండలాఫీసు దారిలో ఒక్కతే నడిచింది.

శంకరవ్వ లోపలికి పోయి ట్రంకుపెట్టె తెరిచింది. ఓటరు కార్డు తీసి కొంగున కట్టుకుంది. రాజేశం ద్వారానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"యాడికే? రేపటి సంది మనింటి దిక్కు ఎవ్వలు చూడరు. ఆకు రాదు. నన్ను కమిటీలకెల్లి ఎల్లగొడ్తరు. ఎరుకేనా?"

బయట దీపిక చాట దించి లేచి నిలబడింది. ఆమె పక్కనున్నామె కూడా లేచింది.

శంకరవ్వ కొడుకు చేతిని పక్కకు తీసింది. గడప దాటింది.