అద్దం మీద వెన్న చాయ్

బండి అద్దం మీద మంచు గీకడంలో నన్ను మించినవాడు లేహ్ దగ్గర మా ఊరు ఫియాంగ్‌లో లేడని ముప్పై ఏళ్లుగా నేనే చెప్పుకుంటూ వచ్చాను. ఎవరూ కాదనలేదు. ఔననీ అనలేదనుకోండి, అది వేరే సంగతి.

దానికో పద్ధతి ఉంది. చలికాలం రాగానే పొద్దుగూకగానే బ్యాటరీ పీకి ఇంట్లోకి తెచ్చి బుఖారీ పొయ్యి పక్కన పడుకోబెట్టాలి. అద్దం మీద పాత కంబళి కప్పి, అంచులు వైపర్ల కింద దోపాలి. తెల్లవారి కంబళి తీసి, మిగిలిన పొరను పైనుంచి కిందికి గీకాలి. అడ్డంగా గీకేవాడికి డ్రైవింగు రానట్టే నా లెక్క. గీకడానికి మా అమ్మాయి బడిలో వాడి వదిలేసిన ప్లాస్టిక్ స్కేలును మించిన పనిముట్టు లేదు. కాలు జారకుండా బూట్ల అడుగున టైరు ముక్కలు కొట్టుకోవాలి. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, చచ్చినా అద్దం మీద వేడినీళ్లు పోయకూడదు. ఈ చివరి మాట లేహ్ టాక్సీ స్టాండులో కుర్రడ్రైవర్లందరికీ వాళ్లు అడిగినా అడక్కపోయినా చెప్పాను.

ఇంత పద్ధతి ఎందుకంటే, మా ఆవిడ దిస్కిత్‌కి రెండేళ్ల కిందట మూత్రపిండాలు చెడ్డాయి. మంగళవారం, శుక్రవారం పొద్దున్న ఏడున్నరకల్లా లేహ్ ఆసుపత్రిలో రక్తం కడిగే మిషను దగ్గర ఉండాలి. మిషన్లు కొన్నే, మనుషులు ఎక్కువ. మన వంతు తప్పితే మళ్లీ ఎప్పుడు ఖాళీ అయితే అప్పుడే. కిందటేడు మంచులో బండి కూరుకుపోయి ఒక్కసారి తప్పింది. రెండు రోజులు ఆమె పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చుంది. కాళ్లు వాచి నొక్కితే వేలు దిగబడేది. ఊపిరి తీస్తుంటే లోపల ఏదో బుడబుడమనేది. నా వయసు యాభై ఆరు, ఎన్నో కనుమల మీద బండి తోలాను, ఆ రెండు రోజులు పడినంత భయం ఎక్కడా పడలేదు.

జనవరిలో ఒక శుక్రవారం గాలి కంబళిని ఎగరేసుకుపోయింది. పొద్దున్న లేచి చూస్తే అద్దం మీద మంచు రొట్టెమందాన పేరుకుని ఉంది. మూడుసార్లు గీకగానే స్కేలు పుటుక్కున విరిగింది. గోళ్లతో గీకాను, లైసెన్సుతో గీకాను. ఆరున్నర దాటింది. లోపల్నించి దిస్కిత్, "అయిందా?" అంది. అయిందా అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది, కానప్పుడు మరీ.

లోపలికి వెళ్లి ఫ్లాస్కు తెచ్చాను. ముఖం కడుక్కునే గోరువెచ్చటి నీళ్లు ఆకుపచ్చ ఫ్లాస్కులో ఉంటాయి. గోరువెచ్చటివే కదా, కాసిని చల్లితే ఏం కాదులే అని మూత తీసి అద్దం మీద కుమ్మరించాను. ముందు వెన్న వాసన వచ్చింది. ఆ తర్వాత టప్‌మని చప్పుడు. చేతిలో చూసుకుంటే ఎర్ర ఫ్లాస్కు. పొయ్యి మీంచి అప్పుడే దించి పోసిన గుర్‌గుర్ చాయ్, ఉప్పూ వెన్నా వేసి చిలికినది. అద్దం ఈ చివర నుంచి ఆ చివరికి చీలింది, చీలిక మీద వెన్న పసుప్పచ్చగా గడ్డకట్టింది.

అక్కడితో ఆగినా బాగుండేది. కోపం పట్టలేక పిడికిలితో ఒక్కటి గుద్దాను. అద్దం మొత్తం తెల్లగా నలిగి లోపలికి కూలబడింది.

దిస్కిత్ గుమ్మంలోకి వచ్చింది. బండినీ, నా చేతిలో ఫ్లాస్కునీ చూసింది.

"బండికి చాయ్ పోశావా?"

నేను ఫ్లాస్కు మూత వెతుక్కున్నాను.

"పెళ్లై ముప్పై ఏళ్లయింది, నాకెప్పుడైనా అడక్కుండా ఒక కప్పు పోశావా?" అంది. నవ్వబోయి మానేసింది. ఆమె కూడా టైము చూసింది.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. కొత్త అద్దం శ్రీనగర్ నుంచి రావాలి, కనుమ తెరిచేది వసంతంలో. అద్దం లేని బండిలో ఇరవై కిలోమీటర్లు ఆ గాలికి ఎదురుగా జబ్బుమనిషిని తీసుకెళ్లలేను. బస్సు తొమ్మిదికి. ఊళ్లో బండ్లున్నవాళ్లు చలికాలానికి జమ్మూ దిగిపోయారు. మిగిలింది ఒకే ఒక్క బండి, పక్కింటి టుండుప్‌ది. టుండుప్‌కీ నాకూ జూలై నుంచి మాటల్లేవు.

నాకంటే ఆరేళ్లు పెద్ద. చిన్నప్పట్నుంచీ ఆయన్ని 'అచో-లే' అనే పిలిచాను, సొంత అన్నని పిలిచినట్టు. ఆయన నన్ను 'నోనో' అనేవాడు, తమ్ముడిలా. ఫౌజులో ఉండగా మంచుకి కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి. ఈ ఆరు నెలల్లో దారిలో ఎదురుపడితే ఆయన యాక్‌ల కేసి చూసేవాడు, నేను కొండల కేసి చూసేవాణ్ని.

ఆయన గడప తొక్కడమెలాగా అని నేను ముళ్ల మీద నిలబడ్డట్టు నిలబడి ఉంటే, ఆయన బండే వచ్చి మా గేటు ముందు ఆగింది. ఎదుటి అద్దం తళతళలాడుతోంది. మా అద్దం పగిలిన చప్పుడు మిద్దె మీంచి విని, అప్పటికప్పుడు దిగి గీకడం మొదలుపెట్టి ఉంటాడు. ఊపిరి ఆడక వగరుస్తున్నాడు.

"దిస్కిత్, కంబళి కప్పుకుని ఎక్కమ్మా. లోపల వెచ్చగా ఉంది," అన్నాడు. తాళంచెవి నాకిస్తూ మాత్రం నా బూట్ల కేసి చూశాడు. "రెండో గేరు మొండికేస్తుంది. తిట్టొద్దు, బతిమాలాలి."

"జూలే," అన్నాను.

"జూలే," అని ఆయన వెళ్లిపోయాడు.

నది దగ్గరికి దిగాక దిస్కిత్ మొదలుపెట్టింది.

"ఇందాక నువ్వన్నది ఏ జూలే?"

"ఏ జూలే ఏంటి?"

"వచ్చారా అంటే జూలే, వెళ్లొస్తా అంటే జూలే, కాస్త జరుగు అన్నా జూలే, నీ మేలు మరిచిపోను అన్నా జూలే. నాలుగు పనులకీ ఒకటే మాట పెట్టుకున్నాం. నువ్వన్నది ఏది?"

"ఆయనకి తెలుస్తుందిలే."

"ఏం తెలుస్తుంది? మేకల్ని తోలుకుపోయేవాడితో అన్నట్టే అన్నావు. పొద్దున్నే పలకరించాడు కాబోలు అనుకునుంటాడు."

ఏడూ ఇరవైఐదుకి చేరాం. ఆమెని మిషను మీదికి ఎక్కించాక వరండాలో బల్ల మీద కూర్చున్నాను. గాజు తలుపులోంచి ఆమె రక్తం గొట్టాల్లో తిరగడం కనిపిస్తోంది. నేను బతికున్నన్నాళ్లూ టుండుప్ రుణం తీరదు అనుకున్నాను. ఆ మాట ఆయన ముఖం మీద ఎందుకు అనలేకపోయానో కూడా నాకు తెలుసు. అక్కడికే వస్తున్నాను.

సాయంత్రం తాళంచెవి ఆయన గోడ మీద పెట్టి దొంగలా వచ్చేశాను. మంగళవారం పొద్దున్న లేచి చూస్తే బండి మా గేటు ముందు ఉంది. అద్దం గీకి ఉంది, ఇంజను తిరుగుతోంది, తాళంచెవి దానికే ఉంది. మనిషి లేడు. శుక్రవారమూ అంతే.

బండి ఇచ్చాడు, అది చాలు. ఆ సగం వేళ్లతో అద్దం కూడా ఆయనే గీకడమేమిటి? తర్వాతి మంగళవారం నేను ఐదున్నరకే లేచాను. అప్పటికే గీకి ఉంది. శుక్రవారం ఐదుంపావుకి లేచాను. అప్పటికే గీకి ఉంది. ఆ పై మంగళవారం ఐదింటికి లేస్తే, ఆయన గేటు వేసుకుంటూ లోపలికి పోవడం కనిపించింది.

"బాగుంది వరస," అంది దిస్కిత్. "ఇద్దరు ముసలాళ్లూ ఇలాగే పోటీలు పడితే శుక్రవారం అద్దం గురువారమే గీకేస్తారు."

"నువ్వూరుకో."

"నేనూరుకుంటా. నువ్వే నోరు తెరవాలి. ఆయనతో ఆ ఒక్క ముక్క సరిగ్గా అనేయరాదూ?"

ఏ ముక్క అనాలి? ఆమెకి తెలిసింది సగమే. జూలైలో కాలవ నీళ్ల దగ్గర గొడవైందని ఊరందరికీ తెలుసు. ఆ రోజు నీళ్ల వంతు టుండుప్‌ది. వంతు రోజు కాలవ మూతి తెరుచుకుని, పక్కవాడి మూతి గడ్డి మట్టిపెళ్లతో మూయాలి. మా బార్లీ గింజ పట్టే వేళ, నాలుగు రోజులుగా ఎండ మాడ్చేస్తోంది. పొద్దున్న ఆయన మడవ కట్టుకుని గుంపాకి, మా బౌద్ధ మఠానికి, పోయిన అదనులో నేను వెళ్లి, నా మూతి మీది పెళ్ల తీసి ఆయన మూతిలో పెట్టి, కాలితో తొక్కి మరీ బిగించాను. మధ్యాహ్నానికి నా బార్లీ తడిసింది. ఆయన బఠాణీ చేను, పూత మీదున్నది, వాడిపోయింది. ఊరి నీళ్లపెద్ద వచ్చి అడిగితే పెళ్ల దానంతటదే జారి ఉంటుందన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టు, టుండుప్ ఒక్క మాటైనా అనకముందే నేనే ఆయన మీద పెద్దగా అరిచాను. ఆ అరుపుతోనే మాటలు పోయాయి. దిస్కిత్‌కి కూడా నిజం చెప్పలేదు.

ఇప్పుడా మనిషి వారానికి రెండుసార్లు నా భార్య ప్రాణానికి దారి శుభ్రం చేస్తున్నాడు. నేను చేసింది తెలియక చేస్తున్నాడని నా బాధ. తెలిస్తే బండి ఆపేస్తాడేమోనని భయం. వసంతం దాకా నాకు వేరే బండి లేదు. ఆ భయంతోనే ఆరు వారాలు తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఊరుకున్నకొద్దీ ఆ అద్దం ఇంకా శుభ్రంగా కనిపించేది.

ఫిబ్రవరి ఆఖర్లో ఒక శుక్రవారం నాలుగున్నరకే లేచి, కొత్త స్కేలు పట్టుకుని నేరుగా ఆయన దొడ్లోకే వెళ్లాను. బండి దగ్గర ఎవరూ లేరు. గెలిచాననుకుని పైనుంచి కిందికి గీకడం మొదలుపెట్టాను. ఎంత గీకినా అద్దం తెల్లగానే ఉంది. లోపలివైపు కూడా గడ్డకట్టిందన్నమాట. నాలుగు వేళ్ల మందాన బయట శుభ్రమయ్యేసరికి, సరిగ్గా అక్కడే లోపల్నించి కూడా గరగరమంది. మంచు రాలి, అప్పుడే లోపల టార్చి వెలిగింది, దాని వెనక ఒక కన్ను. టుండుప్ లోపల కూర్చుని గీకుతున్నాడు.

ఇద్దరం ఆగాం. అద్దానికి అటు ఆయన, ఇటు నేను. ఎటు చూడడానికీ యాక్‌లు లేవు, చీకట్లో కొండలూ లేవు.

ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పటికీ కాదనిపించింది. బండి ఆపేస్తే కాళ్లు పట్టుకుందాం, అబద్ధం మీద మాత్రం ఇంకొక్క రోజు కూడా దిస్కిత్‌ని కూర్చోబెట్టకూడదు అనుకున్నాను.

"జూలే, అచో-లే," అన్నాను.

ఆయన తలుపు సగం తెరిచాడు. ఏడు నెలల తర్వాత ఆ పిలుపు విని నా ముఖం కేసి చూశాడు. దిస్కిత్ ఆయనతో ఏమైనా అందో, ఆయనకే తోచిందో తెలియదు.

"ఏ జూలే?" అన్నాడు.

"బఠాణీలది," అన్నాను. "పెళ్ల జారలేదు. నేనే పెట్టాను."

ఆయన సగం వేళ్లతో గడ్డం గోక్కున్నాడు.

"తెలుసు," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"ఆ రోజు నుంచే. పెళ్ల మీద టైరు గుర్తుంది. కాలవలోకి బండి దించిందెవడ్రా అని కాసేపు నేనూ బుర్ర బద్దలు కొట్టుకున్నాను. తర్వాత నీ బూట్లు గుర్తొచ్చాయి."

నా బూట్ల కేసి చూసుకున్నాను.

"తెలిసి కూడానా?"

"తెలిస్తే? మధ్యలో దిస్కిత్ ఏం చేసింది?" అని తలుపు వేసుకున్నాడు. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు తెరిచి, "ఆ కుడిమూల వదిలేశావు, నోనో. గీకు. టైమవుతోంది," అన్నాడు.

గీకాను. ఆయన లోపల, నేను బయట, ఒకే మూల గీకాం. అడ్డంగా గీకుతున్నాడు ఆయన. నేనేమీ అనలేదు.

దిస్కిత్ ఎక్కి కంబళి సర్దుకుంది. టుండుప్ గేటు తీసి పట్టుకున్నాడు. ఊరు దాటాం. రెండో గేరుని బతిమాలాను, పడింది. మలుపు దగ్గర దిస్కిత్ నా చెయ్యి తట్టింది.

"అద్దం ఇంత తేటగా ఉంది కదా, ఎద్దుబండిలా ఈ నడకేంటి? ఏమీ కనబడట్లేదా?"

"కనబడుతోందిలే," అని కళ్లు తుడుచుకుని గేరు మార్చాను.