పోలిక కోసం

గుమ్మం ముందు మంచు ఎత్తిపోస్తూ మధ్యలోనే ఓర్వొక్కి ఫోను తీసింది. వృద్ధాశ్రమం వంటగది నుంచి. రేపట్నుంచి రెండు వారాలు పనికి రాగలదా అని అడిగారు.

"రాలేనమ్మా," అంది. పార గోడకి చేరేసి, చేతులు చంకల్లో పెట్టుకుని లోపలికి నడిచింది.

కాగితం మిల్లు మూతపడేదాకా అక్కడి క్యాంటీన్లో ఇరవయ్యేళ్ళు వండిన మనిషి. పనంటే ప్రాణం. కానీ ఆకులు రాలే కాలంలో అదే వంటగదిలో మూడు రోజులు పనిచేసినందుకు, ఆ జీతం లెక్కలు తేలేదాకా ఆమె నిరుద్యోగ భృతి ఆపేశారు. అవి తేలేసరికి నెల దాటింది. ఆ నెలంతా ఉడికించిన బంగాళాదుంపలూ ఉప్పుచేపా. ఇంటద్దె కోసం చెల్లెలి ముందు చెయ్యి చాపాల్సి వచ్చింది.

మధ్యాహ్నం పక్కవాటా హిల్కా కాఫీకని వచ్చింది. మిల్లు క్యాంటీన్లో పళ్ళేలు కడిగేది ఆమే.

"వృద్ధాశ్రమం వంటగదిలో పని దొరికిందే! రేపే రమ్మన్నారు."

ఓర్వొక్కి కాఫీ పోసి, కూజా ఠక్కున బల్లమీద పెట్టింది. ఫిన్లాండ్ ప్రభుత్వం పని లేనివాళ్ళ పేర్లతో తీసిన లాటరీలో ఏడాది కిందట హిల్కా పేరు వచ్చింది. పని దొరికినా దొరక్కపోయినా నెలకి అయిదు వందల అరవై యూరోలు, రెండేళ్ళపాటు. ఊరికే డబ్బిస్తే జనం పనిలోకి పోతారా, పడుకుంటారా అని చేస్తున్న పరీక్ష అది.

"నీకేం, దొరసానివి. పనికెళ్ళినా నీ డబ్బు ఎక్కడికీ పోదు."

"నేనేమన్నా దేబిరించి తెచ్చుకున్నానా?"

"పులుసు మాడకుండా దించడం వచ్చా అసలు నీకు?"

హిల్కా ముఖం ఎర్రబడింది. అక్కడికక్కడే ఆ డబ్బిచ్చే ఆఫీసుకి ఫోను చేసి, ఓర్వొక్కికి కూడా వినబడేలా బల్లమీద పెట్టింది. "నా బదులు నా స్నేహితురాలి పేరు రాసుకోండి బాబూ. మిగిలిన ఏడాదైనా ఆవిడ తీసుకుంటుంది."

అవతలి అధికారి మంచివాడే. "కుదరదమ్మా. పేర్లు మారిస్తే పరీక్షే చెడిపోతుంది. అయినా పరీక్షలో ఆవిడ కూడా ఉన్నట్టే. డబ్బు అందనివాళ్ళు ఎలా ఉన్నారో చూస్తేనే కదా, అందినవాళ్ళకి ఏం మేలు జరిగిందో తెలిసేది?"

"అంటే నేను పస్తులుంటే అదీ మీకు పనికొస్తుందా నాయనా?" అంది ఓర్వొక్కి.

"రూలు నేను పెట్టింది కాదమ్మా," అన్నాడతను.

హిల్కా కాఫీ ముట్టకుండా వెళ్ళిపోయింది. రెండు వారాల పని కాస్తా ఆమెకి స్థిరపడింది. మెట్లమీద ఎదురుపడితే ఇద్దరూ చూపు తిప్పుకునేవాళ్ళు.

పరీక్ష ముగియబోతుండగా ఓర్వొక్కికి ఫోను వచ్చింది. ఆడపిల్ల గొంతు. డబ్బు అందినవాళ్ళనీ అందనివాళ్ళనీ ఒకే ప్రశ్నలు అడుగుతున్నామంది.

"నేను చెప్పను. మీ పోలిక కోసం రెండేళ్ళు బతికాను, చాల్లే."

"పెట్టెయ్యకండమ్మా! పూర్తయిన ఫోనుకే మాకు డబ్బులిస్తారు. పొద్దుట్నుంచీ అందరూ పెట్టేస్తున్నారు."

"నెల జీతం లేదా నీకు?"

"లేదమ్మా."

ఓర్వొక్కికి ఎవర్ని తిట్టాలో తోచలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "కానీ, అడుగు."

"తోటి మనుషుల మీద మీకెంత నమ్మకం? సున్నా నుంచి పదిలోపు ఒక అంకె చెప్పండి."

కిటికీ కింద, గడ్డకట్టిన దారి మీద హిల్కా పని నుంచి వస్తోంది. సంచీ చెయ్యి మార్చుకుంటూ ఒకసారి పైకి చూసి, చటుక్కున తల దించుకుంది.

ఓర్వొక్కి ఫోను చెవికి ఆనించుకునే లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, ఉన్నారా?" అంటోంది ఆ పిల్ల. "ఎంత వేసుకోమంటారు?"