మా ఇంటిపేరు తెచ్చినావిడ

మా నాన్నకి రెండే పిచ్చులు. చర్చి రిజిస్టర్లు, మా ఇంటిపేరు. ఏళ్ళ తరబడి చర్చి గుమాస్తాగా ఉండటంతో, ఈ ఊరి జ్ఞానస్నానాలూ పెళ్ళిళ్ళూ చావులూ ఆయన చేతి మీదుగానే రాతలోకి ఎక్కాయి. ఈ చర్చి కట్టిన తాపీమేస్త్రీయే మా మూలపురుషుడని కనపడ్డవాళ్ళకల్లా చెవులు చిల్లులు పడేలా చెప్పేవాడు.

అలాంటి ఇంట్లో నేను పెళ్ళి కాకుండా కొడుకును కన్నాను. ఆదివారం వాడికి జ్ఞానస్నానం. అన్నయ్యా వదినల బిడ్డగా రాయించేద్దామని ఇంట్లో తీర్మానమైపోయింది. వదిన మంచిది, సరేనంది కూడా. నేనే ససేమిరా అన్నాను. నా బిడ్డకు నేను మేనత్తనెలా అవుతాను?

"మన ఇంటిపేరంటే ఏమనుకున్నావ్? నలుగుర్లో తలెత్తుకోవద్దా?" అన్నాడు నాన్న.

ఆ ఇంటిపేరు సంగతేదో తేల్చుకుందామని బయల్దేరాను. పంతానికి నేనూ ఆయన కూతుర్నే. మా చర్చి రిజిస్టర్లో మేస్త్రీ పెళ్ళి రాసినచోట, ఆయన పుట్టింది ఏటి అవతలని ఉంది. ఇన్నాళ్ళూ ఏరు దాటి చూసినవాళ్ళే లేరు. గొప్పంతా ఈ ఒడ్డునే దొరికాక ఇంకెందుకు? అవతలి చర్చిలో, పురుగులు తినగా మిగిలిన కాగితాల్లో మేస్త్రీ జ్ఞానస్నానం రాసిన పేజీ దొరికింది. తల్లి ఉప్పుమడుల నుంచి వచ్చిన కూలి. ఇంటిపేరు ఆవిడదే. తండ్రి గడి ఖాళీ. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఉప్పుమడుల చర్చికీ వెళ్ళాను. అక్కడ ఏ పేజీ తిప్పినా మా ఇంటిపేరు వాళ్ళే.

ఆదివారం పొద్దున్నే చర్చి ఆఫీసులో నాన్న ముందు, ఏటి అవతలి చర్చిలో ఆ పేజీకి తీసిన ఫొటో పెట్టాను.

"ఇదిగో మన మూలపురుషుడు. వాళ్ళమ్మ ఈయన్ని ఇంకొకరి బిడ్డగా రాయించలేదు నాన్నా."

నాన్న కళ్ళజోడు సర్దుకున్నాడు. గుమాస్తా బుద్ధి కదా, చివరి గడి దాకా చదివాడు.

"సాక్షి... మంత్రసానా?"

"అవును."

"మరి ఆ తల్లి తరఫువాళ్ళు?"

"ఉప్పుమడుల్లో ఊరినిండా ఉన్నారు. ఒక్కరూ రాలేదు."

"పచ్చి బాలింత. ఒక్కతే..." ఫొటోలో ఆ తల్లి పేరు మీద వేలు పెట్టాడు నాన్న.

నాకు జాలేసింది గానీ, మెత్తబడలేదు. కాసేపటికి రిజిస్టరు తెరిచాడు. తల్లి గడిలో నా పేరు రాశాడు. బిడ్డకి మా ఇంటిపేరు రాశాడు. సాక్షి గడిలో తనే సంతకం పెట్టాడు.

"అన్నయ్యనీ వదిననీ కేకెయ్యమ్మా, అందరం ముందు వరసలో కూర్చుందాం" అన్నాడు.